అమ్మ ఏడు గంటల బిళ్ళ: మధురవాడ వైపు ఓ వృద్ధుల హోమ్‌లో మా ఎనిమిది నెలలు

ముందు మార్కులు చెప్పేస్తాను. తిండికి 5కి 4. గదులకి, శుభ్రానికి 4. అక్కడ డ్యూటీ చేసే ఆడపిల్లల మనసుకి 5. మందులు వేళకి ఇవ్వడానికి 1. ఆ ఒక్క మార్కు వల్లే అమ్మని జనవరిలో ఇంటికి తెచ్చేసుకున్నాను. కాబట్టి ఇక్కడ ఎక్కువగా దాని గురించే రాస్తాను.

హోమ్ పేరు రాయడం లేదు. అమ్మతో కలిసి భోజనం చేసిన పెద్దవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. పైగా ఇది ఆ ఒక్క చోటి సంగతి కాదు. తర్వాత పెందుర్తి వైపు, భీమిలి రోడ్డులో ఇంకో మూడు చోట్ల చూశాను, రెండింటిలో ఇదే పరిస్థితి. మన విశాఖలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనుకుంటాం, కాన్పులకీ ఆపరేషన్లకీ వెళ్ళేది. ఇది అలాంటిది కాదు. పెద్దవాళ్ళు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు. గది, తిండి, స్నానం, మందులు అన్నీ వాళ్ళే చూస్తారు. అమెరికాలో నర్సింగ్ హోమ్ అనేది ఇలాంటి దాన్నే.

అమ్మకి 76. ఆమదాలవలస దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా పార్కిన్సన్స్, మనవాళ్ళు వణుకు జబ్బు అంటారు. సుగర్ కూడా ఉంది గానీ మాత్రలతోనే అదుపులో ఉంటుంది. నాది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, ఇల్లు కూర్మన్నపాలెం. 2024 మేలో మా ఆవిడకి వెన్ను ఆపరేషన్ అయింది, అమ్మని లేపడం, కూర్చోబెట్టడం ఆవిడ వల్ల కాదు. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. మా పిన్ని పీఎం పాలెంలో ఉంటుంది, రోజు మార్చి రోజు వెళ్లి చూడగలనంది. అందుకే ఊరికి ఆ చివర అయినా ఈ హోమ్ చూశాం. నెలకి 26 వేలు, ఇద్దరుండే గది. డిపాజిట్ లక్ష. మందులు, డైపర్లు వేరే. జూన్‌లో చేర్చాను.

తిండి గురించి నిజంగా మంచి మాటే చెప్పాలి. వంటావిడ విజయనగరం వైపు మనిషి. గుమ్మడికాయ దప్పళం, వేడి అన్నంలోకి నువ్వుల పొడి, మెత్తగా ఉడికించిన కూరలు. అమ్మకి పళ్ళు సరిగ్గా లేవని ఎవరూ చెప్పకముందే గమనించి అన్నం మెదిపి పెట్టేది. గదిలో గాలీ వెలుతురూ ఉన్నాయి, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయి. మొదటి రెండు నెలలూ నాకు ఏ టెన్షనూ లేదు. పగలు ఇద్దరు నర్సులు, రాత్రి ఒకరు, ఆయాలు ఐదుగురు. పెద్దవాళ్ళు 38 మంది.

ఇక మందు సంగతి. పార్కిన్సన్స్‌కి ముఖ్యమైన మందు లెవోడోపా. అమ్మ వేసుకునేది సిండోపా. మెదడులో తగ్గిపోయిన డోపమైన్ అనే రసాయనాన్ని ఇది కొంతసేపు పూరిస్తుంది. ఆ కొంతసేపు అన్నదే అసలు విషయం. ఒంట్లోకి వెళ్ళిన మందు గంటన్నర తిరిగేసరికి సగానికి పడిపోతుంది. జబ్బు కొత్తలో మెదడే కొంత సర్దుకుంటుంది కాబట్టి బిళ్ళ ఓ గంట ఆలస్యమైనా పెద్దగా తెలియదు. ఏళ్లు గడిచాక ఆ సర్దుబాటు ఉండదు. అమ్మకి ఒక బిళ్ళ మూడున్నర నుంచి నాలుగు గంటలు పనిచేస్తుంది. పనిచేస్తున్నంతసేపూ లేచి తిరుగుతుంది, కబుర్లు చెబుతుంది, తన జడ తనే వేసుకుంటుంది. దాన్ని డాక్టర్లు ఆన్ అంటారు. మందు అయిపోతే ఆఫ్. కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, మాట గొంతులోనే ఉండిపోతుంది, మింగడం కూడా కష్టమవుతుంది. అందుకే మా న్యూరాలజిస్ట్ ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, సాయంత్రం 7 అని గంటలు కట్టి ఇచ్చారు. తిండికి అరగంట ముందు వేయాలి, ఎందుకంటే పప్పు, గుడ్డు, పాలలో ఉండే ప్రొటీన్ ఈ మందుని పేగుల్లోంచి ఒంటికి పట్టనివ్వకుండా అడ్డం పడుతుంది.

బీపీ మాత్ర 8 బదులు 9కి వేసుకుంటే మనిషికి తేడా తెలియదు. అమ్మ బిళ్ళ 7 బదులు 9కి వస్తే ఆ రెండు గంటలూ ఆవిడ మంచం మీద కొయ్యలా పడి ఉంటుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, అన్నీ తెలుస్తూనే ఉంటాయి.

ఆగస్టు చివర్లో పగటి నర్సుల్లో ఒకామె హైదరాబాద్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ చోటులోకి ఎవరినీ తీసుకోలేదు. పగలు ఒకరు, రాత్రి ఒకరు, చెరో 12 గంటలు, ఉదయం 8కి మార్పు. నాకీ సంగతి అప్పుడు తెలియదు. సెప్టెంబరులో ఆదివారాలు పదింటికి వెళ్తే అమ్మ ముందు ప్లేటులో ఇడ్లీలు ఎండిపోయి కనిపించేవి. పలకరిస్తే కళ్ళతో చూసేది తప్ప మాట వచ్చేది కాదు. జబ్బు ముదిరిందనుకున్నాను. పిన్నీ అదే అనుకుంది. అక్టోబరులో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళి, పొద్దున్న అస్సలు కదలడం లేదండీ అని చెప్పాను. ఆయన నా మాట నమ్మి డోసు పెంచారు.

ఈ ఒక్క విషయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మందు చాలక కాదు, వేళకి అందక అమ్మ అలా ఉంది. డాక్టరు ముందున్నది ఏడింటికి ఇచ్చినట్టు టిక్కులున్న చార్టు, నా మాటలు, రెండే. అవి చూసి ఎవరైనా డోసే పెంచుతారు. పెంచాక ఏమైందంటే, ఎప్పుడైనా బిళ్ళ వేళకి పడ్డ రోజున అమ్మ చేతులు, మెడ వాటంతటవే మెలికలు తిరిగిపోయేవి. డోసు ఎక్కువైతే వచ్చే కదలికలవి. ఆలస్యమైన రోజు కొయ్య, వేళకి పడ్డ రోజు ఆ మెలికలు. లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్ళు తిరిగేవి. రెండు డోసులు దగ్గర దగ్గరగా పడినా అంతే. తొమ్మిదిన్నరకి ఉదయం బిళ్ళ ఇచ్చి, 11 అయిందని రెండోది ఇచ్చేసేవారు.

అనుమానం నాకు రాలేదు, అమ్మే చెప్పింది. నవంబరులో ఒక ఆదివారం కాస్త మాట వచ్చాక, "ఏట్రా బాబూ, ఇక్కడ బిళ్ళ ఎప్పుడిస్తారో నాకే తెలీదు. సూర్యుడు ఆ కిటికీ దాటేసినాక వస్తాది" అంది. ఆ కిటికీ తూర్పు వైపుది.

ఆ వారమంతా నాది సి షిఫ్ట్. పొద్దున్న ఆరింటికి డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా అక్కడికి వెళ్ళాను. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆ వేళకి ట్రాఫిక్ ఉండదు, 7 దాటుతుండగానే చేరేవాణ్ణి. మంచం పక్క కుర్చీలో కూర్చుని జేబు పుస్తకంలో టైం రాసుకున్నాను. ఆరు రోజుల లెక్క ఇది: 9:25, 9:40, 8:50, 9:55, 7:50, 9:30. ఏడు గంటల బిళ్ళ ఒక్క రోజు కూడా ఏడున్నర లోపల రాలేదు. 7:50 వచ్చిన రోజు కూడా నేను కిందికి వెళ్ళి అడిగితేనే వచ్చింది. చార్టులో మాత్రం ఆరు రోజులూ ఏడింటి గడిలో టిక్కే.

కోపం వచ్చిన మాట నిజం. పగటి సిస్టర్‌ని పక్కకి పిలిచి అడిగాను. చోడవరం అమ్మాయి, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివింది, నా మేనకోడలి వయసు ఉంటుంది. "అమ్మా, తొమ్మిదిన్నరకి ఇచ్చి ఏడు అని ఎందుకు పెట్టావు?" అన్నాను. ఆ అమ్మాయి చార్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూడండి సార్, 7 అని ముందే ప్రింటు అయి ఉంటుంది. టిక్ పెట్టడానికే గడి ఉంది. ఇచ్చిన టైం రాయడానికి చోటే లేదు. టిక్ పెట్టకపోతే అసలు మందే ఇవ్వలేదని అర్థం వస్తుంది. నేను ఇచ్చాను కదా సార్" అంది. అంటూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ముప్పై ఏళ్లుగా లాగ్ బుక్ రాస్తున్నవాణ్ణి. మా దగ్గర ఏ పనైనా ఎప్పుడు జరగాలో ఒక గడి, ఎప్పుడు జరిగిందో ఇంకో గడి. ఆ రెండింటి మధ్య తేడా చూసే తర్వాతి షిఫ్టు వాడు జాగ్రత్త పడతాడు. ఆ రెండో గడి లేని కాగితం మీద మనిషి ప్రాణం నడుస్తోందని అప్పుడు అర్థమైంది.

తర్వాత రెండు రోజులు ఆ అమ్మాయి వెనకే తిరిగాను, ఆమె ఒప్పుకుంటేనే. రాత్రి సిస్టర్ ఆరింటి నుంచి సుగర్ పరీక్షలు మొదలుపెడుతుంది. 14 మందికి వేలు గుచ్చి చూసి, ఇన్సులిన్ ఉన్నవాళ్ళకి వేసి, రాత్రి తడిసిన పక్కలు మార్చడంలో ఆయాకి సాయం చేసేసరికి ఎనిమిది కావస్తుంది. అమ్మ ఏడు గంటల బిళ్ళ సరిగ్గా ఈ రద్దీలో పడింది. ఎనిమిదికి పగటి సిస్టర్ వచ్చి, హ్యాండోవర్ తీసుకుని, 8:20కి మందుల ట్రాలీ కదిలిస్తుంది. కింద 22 మంది, పైన 16 మంది. ఒక్కొక్కరికి పేరు చూసి, మాత్రలు తీసి, నీళ్ళు పట్టి, మింగారో లేదో చూడటానికి నాలుగు నిమిషాలు పడుతోంది. అంతకన్నా తొందరపడితే తప్పు జరుగుతుంది. 38 మందికి 152 నిమిషాలు, ఎవరూ పిలవకపోతే, ఎవరూ పడకపోతే, ఫోన్ మోగకపోతే. అమ్మది పై అంతస్తులో మూడో మంచం, అంటే 25వ మనిషి. ఆవిడ దగ్గరికి ట్రాలీ వచ్చేసరికి 9:56 అవుతుంది. నా పుస్తకంలో రాసుకున్న 9:55కి, ఈ లెక్కకీ నిమిషం తేడా. ఇందులో ఆ పిల్ల బద్ధకం గానీ నిర్లక్ష్యం గానీ ఎక్కడా లేవు. ఇద్దరు చేయాల్సిన పని ఒకరికి అప్పజెప్పారు.

మేనేజర్ గారితో మాట్లాడాను. ఆయన మర్యాదగానే విన్నారు. "ముందో గంట వెనకో గంట ఫర్వాలేదండీ, ఎక్కడైనా అంతే" అన్నారు. ఆ మాట సగం నిజం. అమెరికాలో ఐఎస్ఎంపీ అని మందుల భద్రత మీద పనిచేసే సంస్థ ఉంది. 2011లో వాళ్ళు ఆసుపత్రుల కోసం పెట్టిన మార్గదర్శకాలు చదివాను. రోజుకి ఒక్కసారి వేసే మందుకి అటూ ఇటూ రెండు గంటలు, రోజుకి కొన్ని సార్లు వేసే మామూలు మందులకి ఒక గంట సడలింపు ఇచ్చారు. కానీ వేళ తప్పితే హాని చేసే మందులని విడిగా తీసి, వాటికి అరగంటే అన్నారు. ఇంగ్లండ్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2018లో, ఆసుపత్రిలో ఉన్నా కేర్ హోమ్‌లో ఉన్నా పార్కిన్సన్స్ మనిషికి లెవోడోపా చెప్పిన వేళకి అరగంట లోపు అందాలని ప్రమాణం పెట్టింది. అక్కడి పార్కిన్సన్స్ రోగుల సంస్థ ఒక్క ఈ విషయం మీదే 2006 నుంచి ప్రచారం చేస్తోంది. ఇవన్నీ ప్రింటు తీసి మేనేజర్ గారికి ఇచ్చాను. "నర్సులు దొరకడం లేదండీ, వచ్చినా నిలవడం లేదు" అన్నారు. దొరకడం లేదన్నది కూడా నిజమే అయి ఉండొచ్చు. కానీ ఆ అమ్మాయికి ఇచ్చేది నెలకి 15 వేలు, రోజుకి 12 గంటలకి. 38 మంది కట్టే డబ్బు ఎంతో నేనూ లెక్క వేయగలను.

చివరికి దారి ఆ చోడవరం అమ్మాయే చూపించింది. "సార్, అందరివీ ఒకేసారి ఇవ్వక్కర్లేదు. వేళ తప్పకూడనివి ఎవరివో విడిగా తీద్దాం" అంది. ఇద్దరం కూర్చుని 38 మంది ప్రిస్క్రిప్షన్లు చూశాం. నిజంగా గడియారం చూసి ఇవ్వాల్సినవి ఏడుగురివే. అమ్మ, ఇంకో పార్కిన్సన్స్ తాతగారు, మూర్ఛ మందు వేసుకునే ఒకావిడ, టిఫినుకి ముందు ఇన్సులిన్ ఉన్న నలుగురు. థైరాయిడ్ మాత్ర పరగడుపున పడాలి, కాల్షియం మాత్రకి దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ రెండూ ఒకే గిన్నెలో వేసి ఇస్తున్నారని అప్పుడే బయటపడింది, అదీ సరిచేశాం. మిగిలిన బీపీ, కొలెస్టరాల్, విటమిన్ మాత్రలు నెమ్మదిగా పదింటికి అందినా ఫర్వాలేదు.

పూర్ణా మార్కెట్‌లో ఎర్ర ప్లాస్టిక్ ట్రే కొని తెచ్చి ఇచ్చాను. రాత్రి సిస్టర్ 6:45కి సుగర్ పరీక్షలు ఆపి, ముందు ఎర్ర ట్రే పట్టుకుని తిరగాలి. పాతిక నిమిషాల పని. ఇన్సులిన్ వేసిన వాళ్ళకి అరగంటలో టిఫిను రావాలని వంటావిడకి చెప్పాం. వేశాక తిండి ఆలస్యమైతే సుగర్ పడిపోతుంది, పెద్దవయసులో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆవిడ ఇడ్లీ పొయ్యి అరగంట ముందే వెలిగించింది, ఎవరి చేతా రెండోసారి చెప్పించుకోలేదు. చార్టులో ఏడు గంటల గడి పక్కన పెన్నుతో గీత గీసి, ఇచ్చిన టైం రాయడం మొదలుపెట్టారు.

మూడు వారాలు బాగా నడిచింది. అమ్మ చార్టులో 7:05, 7:10, 7:00, 7:15. ఎనిమిదింటికి పిన్ని వీడియో కాల్ చేస్తే అమ్మ వరండాలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. న్యూరాలజిస్ట్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఈసారి నా జేబు పుస్తకం ఆయన ముందు పెట్టాను. పేజీలన్నీ తిప్పి చూసి, పెంచిన డోసు తీసేశారు. ఇంకో పని కూడా చేశారు. పాత చీటీలో 1-1-1-1 అని ఉంది. దాన్ని కొట్టేసి, 7, 11, 3, 7 అని గంటలు తెలుగులో రాసి కింద గీత గీశారు. 1-1-1-1 అని చూస్తే ఏ హోమ్‌లోనైనా పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని టిఫినుకీ భోజనానికీ సర్దేస్తారట. మీ ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళుంటే ఆ చీటీ మీద గంటలు రాయించుకోండి.

డిసెంబరు రెండో వారంలో రాత్రి సిస్టర్ పెళ్ళి కుదిరి మానేసింది. మిగిలింది చోడవరం అమ్మాయి ఒక్కతే. పగలు 12 గంటలు చేసి, రాత్రికి ఎవరూ రాకపోతే ఆ రాత్రీ తనే చేసింది. మా ప్లాంట్‌లో కూడా రిలీవర్ రాకపోతే మెషిన్ వదిలి వెళ్ళకూడదు, ఓవర్‌టైం చేస్తాం. కానీ తర్వాత ఇంటికి పంపి పడుకోమంటారు. ఈ పిల్లని మర్నాడు పొద్దున్న మళ్ళీ ట్రాలీ తొయ్యమన్నారు. ఎర్ర ట్రే సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆ మర్నాడు పొద్దున్నే అమ్మ పడిపోయింది. ఎనిమిదిన్నర. బిళ్ళ అందలేదు. బాత్‌రూమ్‌కి వెళ్ళాలి, బెల్ కొట్టింది, ఆయా కింద వేరే వాళ్ళకి స్నానం చేయిస్తోంది. ఆగలేక లేచింది. రెండు అడుగులు వేశాక కాలు నేల వదల్లేదు, ఒళ్ళు ముందుకి వెళ్ళిపోయింది. ఎడమ మణికట్టు విరిగింది. గదిలో తోడుండే టీచరు గారు కర్రతో తలుపు మీద కొట్టి అందరినీ పిలిచారు. నేను వెళ్ళేసరికి అమ్మ చెయ్యి వాచిపోయి ఉంది. "నువ్వు డ్యూటీలో ఉంటావని ఫోన్ చెయ్యొద్దన్నాను" అంది. ఆరు వారాల కట్టు. బిళ్ళ అందక మూలగడానికి కూడా గొంతు రాని ఆ వేళలో ఆవిడకి ఎంత నొప్పి పుట్టి ఉంటుందో నాకు ఊహించడానికి కూడా మనసొప్పదు.

జనవరిలో, సంక్రాంతికి ముందు, ఇంటికి తెచ్చేశాం. డిపాజిట్ మూడు నెలలకి తిరిగొచ్చింది, కొంత కోసుకున్నారు. దాని గురించి నాకు గొడవ లేదు. ఇప్పుడు ఇంట్లో పగలు ఒకామె వస్తోంది, గాజువాక నుంచి. మా ఆవిడ కూర్చుని చెబుతుంది, ఆమె చేస్తుంది. నా ఫోన్‌లో నాలుగు అలారాలు, మా ఆవిడ ఫోన్‌లో నాలుగు.

మరి ఈ హోమ్‌కి ఎవరినీ పంపొద్దంటానా అంటే, అనను. మీ పెద్దవాళ్ళకి బీపీ మాత్ర, కీళ్ళ నొప్పుల మాత్ర తప్ప వేరే ఏమీ లేకపోతే, తోడు కోసం, వేళకి తిండి కోసం అయితే అక్కడ సుఖంగా ఉంటారు. పార్కిన్సన్స్, ఇన్సులిన్, మూర్ఛ మందు, ఈ మూడింటిలో ఏది ఉన్నా మాత్రం చూడటానికి 11 గంటలకి వెళ్ళకండి. ఆ వేళకి అందరూ స్నానాలు చేసి, పౌడర్లు రాసుకుని, హాల్లో టీవీ ముందు ఉంటారు, ఎవరికైనా నచ్చుతుంది. నేనూ ఆ వేళకే వెళ్ళి చేర్చాను. పొద్దున్న ఏడున్నరకి వెళ్ళండి. ట్రాలీ ఎక్కడుందో, దాని వెనక ఎంతమంది ఉన్నారో చూడండి. మొత్తం స్టాఫ్ ఎంతమంది అని అడిగితే వంటవాళ్ళని, వాచ్‌మెన్‌ని కలిపి చెబుతారు. నర్సింగ్ చదివినవాళ్ళు ఈ షిఫ్టులో ఎంతమంది, ఒకరు సెలవు పెడితే ఆ రోజు మందులు ఎవరిస్తారు అని అడగండి. వాడుతున్న చార్టు ఒకటి చూపించమనండి, ఇచ్చిన టైం రాసే గడి ఉందో లేదో చూడండి. నిన్నటి పేజీలో అన్ని టిక్కులూ ఒకే పెన్నుతో ఒకే వాటంగా ఉంటే అవి ఒకేసారి కూర్చుని పెట్టినవే.

మన దగ్గర దీనికి చట్టం ఉందా అని కూడా చూశాను. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. జిల్లాకి కనీసం ఒకటి, 150 మంది పేద వృద్ధులు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చని అందులో 19వ సెక్షన్ చెబుతుంది. ఇంతమందికి ఒక నర్సు ఉండాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. వృద్ధుల సమస్యలకి 14567 నంబరుతో ఎల్డర్‌లైన్ ఉంది, టోల్ ఫ్రీ. ఈ నంబరు మీ అమ్మానాన్నల ఫోన్లో కూడా వేసి ఉంచండి.

టీచరు గారి అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. అతనితో మాట్లాడితే అక్కడా ఇదే బాధ అని చెప్పాడు. అక్కడ నర్సింగ్ హోమ్‌లకి తనిఖీలు ఉంటాయి, మందుల్లో తప్పులు నూటికి 5 దాకా వస్తే లోపంగా రాస్తారు. వేళ తప్పడం కూడా తప్పుల్లోకే రావచ్చు. ఒక్కో పెద్దమనిషికి రోజుకి 3.48 గంటల నర్సింగ్ సేవ అందేలా స్టాఫ్‌ని పెట్టాలని 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. హోమ్‌ల సంఘాలు కోర్టుకి వెళ్ళాయి, 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లో ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశారు. మనుషులు దొరకడం లేదన్న మాట అక్కడా గట్టిగానే వినిపించిందట. అది విన్నాక నేను 38 మందికి ఒకరు అన్న లెక్క మళ్ళీ వేశాను. ఒక నర్సు 12 గంటలు, అంటే 720 నిమిషాలు. ఒక్కొక్కరి వాటా 19 నిమిషాలు కూడా కాదు, ఆ నర్సు అన్నం తినకుండా చేస్తే.

చోడవరం అమ్మాయి మార్చిలో మానేసింది, వేరే ఆసుపత్రిలో చేరింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి "మామ్మ గారు ఎలా ఉన్నారు సార్, ఏడింటికి వేస్తున్నారా" అని అడుగుతుంది. ఫోన్ అమ్మ చెవి దగ్గర పెడతాను, అమ్మ తన కట్టు విప్పేసిన చెయ్యి గురించి ఆ పిల్లకి చెబుతుంది.

టీచరు గారు ఇంకా అక్కడే ఉన్నారు. పొద్దున్న ఇన్సులిన్ ఉన్న నలుగురిలో ఆవిడ ఒకరు. నెలకోసారి అమ్మ ఏదో ఒకటి చేయించి పంపిస్తుంది, తీసుకెళ్ళి ఇచ్చి వస్తాను. పోయిన ఆదివారం కావాలనే పొద్దున్న ఏడున్నరకి వెళ్ళాను. కొత్త సిస్టర్, ఒక్కతే ఉంది. మెట్ల దగ్గర టేబుల్ మీద ఎర్ర ట్రే కనిపించింది, అందులో కరెంటు బిల్లులు, గ్లోవ్స్ పెట్టె ఉన్నాయి. టీచరు గారికి టిఫిను 8:15కి వచ్చింది, తినేశారు. ఇన్సులిన్ 9:10కి వేశారు. ఆ రాత్రే న్యూజెర్సీకి ఫోన్ చేసి ఆ రెండు టైములూ వాళ్ళబ్బాయికి చెప్పాను.